ఖాళీగా తిరిగొచ్చిన క్యారియరు

సుబ్బరాయప్ప ముందు పెట్టిన సంగటి ముద్ద ఆరిపోయి పైన పొర కట్టింది. పక్కన గిన్నెలో ఉలవచారు కూడా చల్లారిపోయింది. ఆయన ముద్ద వైపు చూడలేదు, పెట్టిన మనిషి వైపూ చూడలేదు. గోడకు ఆనుకుని, చేతులు మోకాళ్ళ మీద వేసుకుని, వాకిట్లోంచి కనిపించే, బంగారం తీసేశాక పారబోసిన సైనైడు మట్టి దిబ్బను చూస్తూ కూర్చున్నాడు.

నిన్న మధ్యాహ్నం నుంచీ ఇదే వరస.

"తినవా?" అంది ఆయన భార్య అక్కయమ్మ.

ఆయన దిబ్బ మీంచి చూపు తిప్పలేదు.

"నిన్నే అడగతా ఉండేది. తింటావా, ఎత్తి కుక్కకు పెట్టేదా?"

"పెట్టు."

అక్కయమ్మ గిర్రున తలుపు వైపు తిరిగింది. అక్కడ ఆమె తోడికోడలు మునిలక్ష్మమ్మ గడప అవతలే నిలబడి ఉంది. పక్కిల్లే ఆమెది. గని కూలీల ఇళ్ళ లైన్లలో రెండిళ్ళకూ నడుమ ఒకటే గోడ, ఆ గోడకు చెవులు కూడా అక్కర్లేదు, అంత పల్చన.

"విన్నావా మునిలక్ష్మీ? కుక్కకు పెట్టమంటాడు. ఈ వయసులో పస్తుండి పడిపోతే ఎవరు మోసేది? నీ కూతురు మోస్తాదా?"

"నేను మాట్లాడతాలే అక్కా."

"ఏం మాట్లాడతావు? ఇంతకాలం మాట్లాడింది చాలదా? తమ్ముడి కూడు తిన్నోడని లైనంతా నా మొగుణ్ణి అనిరి. నేను పడితిని. ఇంగ దాన్ని సినిమా తీసి ఊరూరా చూపించల్లనా? ఆ మూగదానికి..."

"అక్కా."

మునిలక్ష్మమ్మ ఆ ఒక్క మాటా గట్టిగా అనలేదు. అయినా అక్కయమ్మ ఆగింది. కూతురు గురువమ్మను మూగది అంటే మునిలక్ష్మమ్మ ఊరుకోదని ఆ లైనులో అందరికీ తెలుసు. అది చెవుడు పిల్ల, మూగది కాదు, దాని చేతులు నీ నోటికంటే ఎక్కువ మాట్లాడతాయి అని ఆమె కొళాయి దగ్గర ఎంతమందితోనో తగువులాడింది.

సుబ్బరాయప్ప లేచి, కండువా దులిపి భుజాన వేసుకుని, ఇద్దరి నడుమ నుంచీ బయటికి వెళ్ళిపోయాడు. అక్కయమ్మ ముద్దను ఎత్తి కుక్కకు పెట్టలేదు. మూత పెట్టి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఇంతకూ నిన్న గురువమ్మ చేసిందేమిటి? అటక మీద నుంచి పాత ఇత్తడి క్యారియరు దించింది. చింతపండు పెట్టి తళతళా తోమింది. తెచ్చి పెదనాన్న ముందు పెట్టి, చేతులతో స్పష్టంగా చెప్పింది. గనిలోకి దిగే శాఫ్టు గేటు దగ్గర కూర్చో. దీంట్లో అన్నం తిను. అప్పుడు తిన్నట్టే తిను. నేను సినిమా తీస్తాను.

అంతే. ఆయన మొహం గోడలా అయిపోయింది.

*

మునిలక్ష్మమ్మ తన ఇంట్లోకి వచ్చి పొయ్యి దగ్గర కూలబడింది. పొయ్యి వెలిగించాలని లేదు. వెలిగిస్తే వండాలి, వండితే ఎవరికి పెట్టాలో తెలియాలి.

ఆ క్యారియరు నరసింహప్పది, ఆమె మొగుడిది. గనిలో దుంగలు నిలబెట్టి కప్పు కూలకుండా చూసే పని ఆయనది. ఒక ఉదయం ఏర్ బ్లాస్ట్ అయింది. భూమి లోపల రాయి తనంతట తానే పగిలితే ఇక్కడివాళ్ళు అనే మాట అది. అటక మీది గిన్నెలు దొర్లాయి. వాకిట్లో ఆడుకుంటున్న ఏడేళ్ళ గురువమ్మ, ఇంట్లోవాళ్ళ గురవి, అందరికంటే ముందు అరికాళ్ళతో కనిపెట్టి, పరిగెత్తుకొచ్చి తల్లి కుచ్చిళ్ళు పట్టుకుంది. ఆయన పని చేసే లెవెల్లో, అంటే గని లోపలి ఆ అంతస్తులో, ఉన్నవాళ్ళు బయటికి రాలేదు. గనిలోకి గాలి పంపే గొట్టం మీద కొట్టి చూశారు. లోపల ప్రాణముంటే తిరిగి కొడతారు. కొట్టలేదు. మళ్ళీ కూలుతుందని ఆ లెవెల్‌ను మూసేశారు. శవం కూడా లేదు, టోపీ ఒకటి పాతిపెట్టి కర్మ చేశారు.

చెవుడు బిడ్డకు చావు ఎలా చెప్పాలి? చెప్పలేక కాదు. చెప్పడానికి చేతులు లేవలేదు. నుదుటి మీద రెండు వేళ్ళు పెడితే నాన్న. ఆ వేళ్ళు టోపీకి ఉండే దీపం. మునిలక్ష్మమ్మ నుదుటి మీద వేళ్ళు పెట్టి, చేయి కిందికి చూపించి, షిఫ్టుకు పోయినాడని చెప్పింది. నువ్వు నిద్రపోయినాక వస్తాడు, నువ్వు లేవకముందే పోతాడు అని చెప్పింది.

ఆ ఒక్క అబద్ధాన్ని నిలబెట్టడానికి ఎన్ని చేసిందని. బిడ్డ లేవకముందే బొట్టు పెట్టుకునేది, వీధిలో అడుగు పెట్టేముందు తుడుచుకునేది. ముండమోపికి ఇంట్లో బొట్టేమిటని లైనులో ఆడవాళ్ళు నోళ్ళు నొక్కుకున్నారు. బిడ్డేమో నాన్నకు కూడు నేనే తీసుకుపోతానని పట్టుబట్టింది. రోజూ క్యారియరు మోసుకుని శాఫ్టు గేటు దాకా పోయేది. అక్కడ పెదనాన్న సుబ్బరాయప్ప అందుకునేవాడు. ఆయనకు శాఫ్టు మొగదల, మనుషుల్ని కిందికి దింపే ఇనుప బోను కేజి దగ్గర, బెల్లు కొట్టే పని. సాయంత్రానికి క్యారియరు ఖాళీగా, కడిగిన గిన్నెలతో, ఇంటికి వచ్చేది. బిడ్డ మూత తీసి చూసి, నాన్న తిన్నాడని ఎగిరి గంతులు వేసేది.

పాపం బావ తింటున్నాడు, చచ్చిన తమ్ముడి కూడు బిడ్డ కోసం కళ్ళు మూసుకుని తింటున్నాడు అనుకుంది మునిలక్ష్మమ్మ. ఆయనకు కడుపులో మంట ఉందని తెలిసి, కొన్నాళ్ళకు కారం కూడా తగ్గించింది.

మూడేళ్ళ తరువాత కోలారు చెవుడు పిల్లల బడిలో చేర్చాక అక్కడ ఒక పెద్దపిల్ల గురవికి రెండు సైగలతో నిజం చెప్పేసింది. ఆ సెలవులకు ఇంటికొచ్చిన గురవి తల్లి మొహంలోకి చూడలేదు. నిజానికి ఈనాటికీ చూడలేదు.

*

గురువమ్మ వాకిట్లో చాప మీద కూర్చుని ఫోనులో తీసిన ముక్కలు చూసుకుంటోంది. ఇప్పుడామెకు ముప్ఫై దాటాయి. పక్కన మూడు చక్రాల బండి మీద బచ్చప్ప ఉన్నాడు. పక్క లైను కుర్రవాడు, పోలియోతో రెండు కాళ్ళూ చచ్చుబడినా చేతులతో పెడలు తిప్పి బేతమంగళ దాకా పోయి వస్తాడు. ఫోనును బండి హ్యాండిలుకు పాత గుడ్డతో బిగించి కట్టి, పెడలు మెల్లగా తిప్పుతూ తీస్తాడు. ఇంత నున్నగా కదిలే బొమ్మ పెద్ద పెద్ద సినిమావాళ్ళకు కూడా రాదని అతని గొప్ప.

మునిలక్ష్మమ్మ వెళ్ళి కూతురి ఎదురుగా కూర్చుంది. చేతులు ఎత్తింది.

గురువమ్మ కళ్ళు మూసుకుంది.

చెవులు వినపడే ఇళ్ళల్లో తలుపులు ధడేలుమంటాయి, గిన్నెలు ఎగురుతాయి. ఈ ఇంట్లో ఇంతే. కళ్ళు మూసుకుంటే మాట ముగిసినట్టు. మునిలక్ష్మమ్మ చేతులు గాలిలో కొంచెం సేపు ఉండి ఒళ్ళోకి దిగిపోయాయి.

"నువ్వన్నా చెప్పప్పా బచ్చప్పా," అంది. "ఆ పెద్దాయన నిన్నటి నించి మెతుకు ముట్టలేదు. ఆ తినే సీను ఒకటీ తీసేస్తే ఏం పోతాది?"

"ఏం పోతాదా అత్తా? సినిమానే పోతాది."

"అంత ముఖ్యమా అది?"

"శనివారం లోపల బెంగళూరికి పంపల్ల. చెవుడోళ్ళు, మా లాంటి అవిటోళ్ళు తీసిన సినిమాలు మాత్రమే వేస్తారు ఆడ. క్యాసంబళ్ళి నంజుండప్ప నీ మొగుడి వేషం ఎట్ల కట్టినాడో చూస్తివి గదా. వాడికీ చెవుడే. అంతా అయిపోయింది. కడా సీను ఒకటే ఉండాది."

"ఏముండాది దాంట్లో?"

బచ్చప్ప గురువమ్మ వైపు చూశాడు. ఆమె కళ్ళు ఇంకా మూసుకునే ఉన్నాయి.

"పెద్దాయన గేటు కాడ కూర్చుని తింటాడు. గురవి ఎదురుగా వచ్చి నిలబడతాది. డబ్బాలో రాళ్ళుండాయి గదా, అవన్నీ ఒకటొకటే గేటు మీదికి విసురుతాది. అంతే. సంగీతం లేదు, ఏడుపు లేదు."

ఆ రాళ్ళ సంగతి మునిలక్ష్మమ్మకు తెలుసు. అప్పట్లో ఖాళీ క్యారియరు అడుగు గిన్నెలో అప్పుడప్పుడూ ఒక చిన్న తెల్లరాయి వచ్చేది. నాన్న పంపినాడని బిడ్డ వాటిని పౌడరు డబ్బాలో దాచుకునేది. బిడ్డను మురిపించడానికి బావ పెడుతున్నాడులే అని తను నవ్వుకునేది.

"రాళ్ళు విసిరితే ఏమొస్తాదప్పా?"

"కోపం వస్తాది," అన్నాడు బచ్చప్ప. "అది చూపించల్లనే తీస్తా ఉండాము. మా లాంటోళ్ళను సినిమాలో పెడితే జాలిపడేదానికి పెడతారు, లేదంటే నగేదానికి. మాకూ కోపం వస్తాదని ఎవరూ చూపీలేదు అత్తా. మూడేండ్లు దాన్ని మోసం చేసినారు. మీకు అది ప్రేమ. దానికి ఏమో అడిగినారా?"

మునిలక్ష్మమ్మ చాప అంచు పోగులు లాగసాగింది. ఆమెకు కోపం రాలేదు, సిగ్గు వేసింది.

"ఇంగో మాట," అని బచ్చప్ప గొంతు తగ్గించాడు. గొంతు తగ్గించినా పెంచినా గురువమ్మకు ఒకటే, అయినా తగ్గించాడు. "సినిమా పంపినాక అది బెంగళూరికి పోతాది. ఆడనే ఉంటాదంట. ఇంగ ఈ ఇంటికి రాదంట."

"నాతో ఒక మాట అనలేదే."

"కళ్ళు మూసుకున్నోళ్ళు యాడ చెప్తారు అత్తా."

*

సుబ్బరాయప్ప లైను చివర, నీళ్ళు రాని కొళాయి గట్టు మీద కూర్చుని ఉన్నాడు. మునిలక్ష్మమ్మ వెళ్ళి కొంచెం ఎడంగా నిలబడింది. బావ ముందు ఆమె ఎప్పుడూ కూర్చోదు.

"బావా, ఒక మాట."

"చెప్పు."

"గురవి వెళ్ళిపోతాదంట. నాకుండేది అది ఒక్కటే."

ఆయన తల ఆడించాడు. గాలికి దిబ్బ మీది తెల్ల దుమ్ము లేచి లైను మీదుగా పోతోంది.

"నీకు కష్టమని తెలుసు. ఊరంతా చూస్తాదనీ తెలుసు. అయినా అడగతా ఉండా. ఒక్క పూట ఆడ కూర్చుని రెండు మెతుకులు తిను బావా. దాని కోపం దిగనీ. నన్ను కూడా తిట్టుకుంటే తిట్టుకోనీ. తిట్టేదానికన్నా నా మొహం చూస్తాదేమో."

"నేను తినలేను మునిలక్ష్మీ."

"అప్పుడు తింటివి గదా. దినమూ తింటివి."

ఆయన ఆమె మొహంలోకి చూశాడు. తమ్ముడి పెళ్ళాం మొహంలోకి అలా నేరుగా చూడటం ఆయనకు అలవాటు లేదు. ఏదో అనబోయి మింగాడు.

"క్యారియరు నింపు," అన్నాడు చివరికి.

"వస్తావా?"

"వస్తా. నింపు."

"ఏం వండేది? నీకు కారం పడదు గదా, పప్పు చేసి..."

"నాకు కాదు," అన్నాడాయన లేస్తూ. "వాడికి ఏం పెట్టేదానివో అది పెట్టు."

ఆ మాట మోసుకుని ఇంటికొచ్చి మునిలక్ష్మమ్మ పొయ్యి వెలిగించింది. ఎన్నేళ్ళుగానో చేయని వంట. సంగటి కెలికింది. ఎండుమిరపకాయలు వేయించి, చెనక్కాయలు వేసి, నరసింహప్ప ముక్కు చీదుకుంటూ ఇంకా కావాలని తినే ఊరుబిండి రోట్లో నూరింది. ఆ ఘాటుకు గోడ అవతల అక్కయమ్మ దగ్గింది. దగ్గిందే కానీ ఏమీ అనలేదు.

క్యారియరు మూత బిగిస్తుంటే గుమ్మంలో నీడ పడింది. గురువమ్మ నిలబడి చూస్తోంది. తల్లి మొహాన్ని కాదు, తల్లి చేతుల్ని.

*

పొద్దు ఇంకా బాగానే ఉంది. శాఫ్టు గేటుకు తుప్పు పట్టిన గొలుసు, దాని వెనక తుమ్మ చెట్లు, వాటి వెనక కేజిని లాగే ఇనుప గోపురం. గని మూతపడి చాలా ఏళ్ళయింది. గోడ కింది నుంచి పాత గాలి గొట్టం ఒకటి బయటికి పొడుచుకొచ్చి, మోకాలెత్తున వంగి, మట్టిలో ఆగిపోయింది. రెండో కొన లోపల శాఫ్టులోకి దిగి ఎంత లోతుకు పోతుందో ఇప్పుడు చెప్పేవాళ్ళు తక్కువ.

బచ్చప్ప బండిని సరిచేసుకున్నాడు. గురువమ్మ పెదనాన్నను ఒక సిమెంటు దిమ్మ మీద కూర్చోబెట్టింది. క్యారియరు ఆయన ఒళ్ళో పెట్టింది. వెనక్కి నడిచి, చేయి ఎత్తి, దించింది. బచ్చప్ప పెడలు మెల్లగా తిప్పాడు. బండి కదిలింది.

సుబ్బరాయప్ప మూత తీశాడు. ఊరుబిండి వాసన గాలికి మునిలక్ష్మమ్మ దాకా వచ్చింది. ఆయన సంగటిని చూశాడు. వేళ్ళు ముద్ద దాకా పోయాయి. ఆగాయి.

గురువమ్మ నోటి దగ్గర చేయి ఆడించి తినమని చూపించింది.

ఆయన మూత పెట్టేశాడు. క్యారియరు బిగించి, లేచి, గొట్టం దగ్గరికి నడిచాడు. క్యారియరును నేల మీద జాగ్రత్తగా పెట్టి, ఒక రాయి తీసుకుని గొట్టం మీద కొట్టాడు. ఒకటి. రెండు. మూడు.

మునిలక్ష్మమ్మ ఆ దెబ్బలు లెక్కపెట్టింది. శాఫ్టు బెల్లు మూడు కొడితే కేజిలో మనిషి ఉన్నాడని అర్థం. గని లైన్లలో చిన్నపిల్లలకు కూడా ఆ లెక్క తెలుసు. సరుకుకు మూడు కొట్టరు.

గురువమ్మ విసురుగా వచ్చి ఆయన ముందు నిలబడింది. తినమన్నాను. కొట్టమనలేదు. అబద్ధం ఆడేటప్పుడు తిన్నావు, నిజం చెప్పేటప్పుడు తినవా? ఆ చేతుల వేగానికి గాజులు మోచేతి దాకా ఎగిరాయి.

"ఏమంటాది?" అన్నాడు సుబ్బరాయప్ప, ఆ వేగం అందక.

ఎప్పుడూ అయితే మునిలక్ష్మమ్మ మెత్తబరిచి చెప్పేది. కూతురు తిడితే అలిగిందని చెప్పేది, బావ కసిరితే ఆలోచిస్తున్నాడని చెప్పేది. ఈసారి ఉన్నదున్నట్టు చెప్పింది.

ఆయన విని తల వంచుకున్నాడు.

"బిడ్డకు చెప్పు. నేను తినలేదు."

"ఏంటి బావా?"

"ఒక్క దినం కూడా తినలేదు మునిలక్ష్మీ. నీ చేతి సంగటి ఆ క్యారియరులో ఎట్లుంటాదో నాకు తెలీదు."

"మరి ఖాళీగా వస్తా ఉండె గదా."

"వస్తా ఉండె."

బచ్చప్ప పెడలు తిప్పడం మానేశాడు, తీయడం మాత్రం మానలేదు.

"మొదటి దినం బిడ్డ నా చేతికిచ్చి నగతా పోయె," అన్నాడు సుబ్బరాయప్ప. "నేనెట్ల తినేది? పారబోసేదానికీ మనసు రాలే. వాడి కూడు వాడికే పోనీ అని కేజిలో పెట్టినా. మనిషి దిగే బెల్లు కొట్టి దింపినా. ఇంజను తిప్పేవాడు నన్నేమీ అడగలేదు."

"యాడికి దింపినావు?"

"ఇంగ యాడికి? వాడుండే లెవెల్‌కు."

"అది మూసేసినారు గదా బావా."

"మూసేసినారు. కేజి నిలిచే చోటు ఒకటే మిగిలె. ఆడ మనిషిని పెట్టలేదు. దీపం కూడా లేదు." ఆయన పెదవులు తడుపుకున్నాడు. "కింద బెల్లు కొడితేగాని కేజి పైకి రాకూడదు. నేను దింపి నిలబడి ఉండా. ఎవడు కొడతాడు, ఇంగ నేనే పైకి లాగమందాము అనుకుంటా ఉండా. అంతలో బెల్లు వచ్చె. కింద నించి."

మునిలక్ష్మమ్మ చేతులు ఈ మాటలు చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయాయి. గురువమ్మ తల్లి మణికట్టు పట్టుకుని ఊపింది. చెప్పు. ఆపొద్దు.

చెప్పింది.

"ఎవరు కొట్టినారు?" అని అడిగింది మునిలక్ష్మమ్మ. అడిగింది కూతురో తనో ఆమెకే తెలియలేదు.

"పై లెవెల్లో పని చేసేవాళ్ళెవరైనా నిచ్చెన దిగి వచ్చినారేమో. వచ్చే ఉంటారు. ఆకలైనోడు ఎవడో తినే ఉంటాడు. అట్లనే అనుకున్నా. దినమూ వస్తారా? మూడేండ్లు వస్తారా? కూడు తిని, గిన్నెలు కడిగి పంపుతారా?"

"కడిగేది నువ్వు గదా బావా."

"నేను కడగలేదు. పై మూత తీసి చూసి, అట్లనే ఇంటికి పంపినా."

గేటు గొలుసు గాలికి కదిలి గీరుకుంది.

"తమ్ముడి కూడు తిన్నోడని అందరూ అనిరి. అననీ అని ఊరుకున్నా. అక్కయమ్మకు కూడా చెప్పలేదు. ఈ మాట కంటే ఆ మాటే మేలనిపించె. ఎవరు తింటా ఉండారో పోయి చూసేదానికి నాకు ధైర్యం లేకపోయె. చూస్తే ఎవరో ఒకడు కనపడతాడు. అప్పుడు నా తమ్ముడు చచ్చినాడని తేలిపోతాది."

గురువమ్మ సంచిలోంచి పౌడరు డబ్బా తీసింది. మూత ఊడబెరికి, పెదనాన్న దోసిట్లో రాళ్ళన్నీ కుమ్మరించింది. మరి ఇవి? ఇవి నువ్వు పెట్టలేదా? ఇప్పుడు ఆమె చేతుల్లో విసురు తగ్గింది.

"ఏందివి?" అన్నాడు సుబ్బరాయప్ప.

మునిలక్ష్మమ్మ ఆయన మొహంలోకి చూసింది. ఆ మొహానికి అబద్ధం ఆడటం రాదు. ఆయన ఒక రాయిని వేలితో తడిపి, వెలుతురుకు పట్టి, తిప్పి తిప్పి చూశాడు. తెలుపులో సన్నటి నీలం గీత మెరిసింది.

"ఇది లోపలి రాయి," అన్నాడు. "పైన దొరకదు. నేను జీవితమంతా పైన బెల్లు కొట్టినోణ్ణి. నా చేతికి ఇది యాడ నించి వస్తాది?"

మునిలక్ష్మమ్మ ఆ మాటను కూతురికి చెప్పింది. చెప్పడం పూర్తయ్యేసరికి గురువమ్మ తల్లి మొహంలోకి చూస్తోంది. కళ్ళు పూర్తిగా తెరిచి, ఎన్నో ఏళ్ళ తరువాత. మునిలక్ష్మమ్మకు ఏడుపు ముంచుకొచ్చింది.

గురువమ్మ చూపుడు వేలు గాలిలో తిప్పింది. ఎవరు?

మునిలక్ష్మమ్మ చేయి తనంతట తానే పైకి లేచింది. రెండు వేళ్ళు నుదుటి దాకా పోయాయి. నుదుటికి తగిలితే చాలు, నాన్న అని అయిపోతుంది. బిడ్డ మొహం విచ్చుకుంటుంది, బెంగళూరు ప్రయాణం ఆగుతుంది, ఈ చూపు తన మీదే ఉండిపోతుంది. వేళ్ళు నుదుటికి వెంట్రుకవాసి దూరంలో నిలిచాయి.

ఆమె చేయి దించేసింది. తెలీదు అని సైగ చేసింది. నాకు తెలీదు బిడ్డా.

గురువమ్మ ఆ చేతుల్ని చాలాసేపు చూసింది. తరువాత తల్లి భుజం మీద అరచేయి ఒక్కసారి ఆనించి తీసి, గొట్టం దగ్గరికి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుంది. ఏర్ బ్లాస్ట్‌ను అందరికంటే ముందు పట్టిన ఒళ్ళు అది. రెండు అరచేతులూ ఇనుము మీద పరిచి, పెదనాన్న వైపు చూసి, మళ్ళీ కొట్టమని తల ఊపింది.

సుబ్బరాయప్ప రాళ్ళను కండువాలో మూటగట్టి పక్కన పెట్టాడు. రాయి తీసుకుని కొట్టాడు. ఒకటి. రెండు. మూడు. చేతిలో రాయిని నేల మీద వదిలేసి, లేచి, రెండు అడుగులు వెనక్కి వచ్చి మునిలక్ష్మమ్మ పక్కన నిలబడ్డాడు.

గురువమ్మ తల వంచుకుని కళ్ళు మూసుకుంది. గాలి ఆగింది. బచ్చప్ప ఊపిరి బిగబట్టి ఫోను వైపు చూస్తున్నాడు.

ఉన్నట్టుండి ఆమె వీపు బిగిసింది. ఒక చేయి గొట్టం మీదే ఉంచి, కళ్ళు తెరవకుండానే, రెండో చేయి వెనక్కి చాపి పెదనాన్నకు గట్టిగా సైగ చేసింది.

చాలు. ఇంకా కొడుతూనే ఉన్నావు, ఆపు.

సుబ్బరాయప్ప తన ఖాళీ చేతుల వైపు చూసుకున్నాడు.